గడప బయటి ప్రిమ్‌రోజ్

మా బ్రాంకూమ్‌లో వసంతం వచ్చిందా లేదా అని ఎవరూ ఆకాశం వంక చూడరు. మీ ఇంట్లోకి ఎన్ని ప్రిమ్‌రోజ్ పువ్వులు వచ్చాయని అడుగుతారు. ఏడాదిలో మొట్టమొదట ఇంట్లోకి ఎన్ని పువ్వులు వస్తే, ఆ ఇంట్లో పొదిగే ప్రతి పెట్టా అన్ని పిల్లల్నే చేస్తుంది. పెట్ట కింద పెట్టేది పదమూడు గుడ్లు గనక పువ్వులు కూడా పదమూడుకి తగ్గకుండా గుత్తి కట్టి తెస్తాం. ఆ మొదటి గుత్తి గడప దాటిందంటే ఇక బెంగ లేదు. ఆ తర్వాత ఒక్కటి తెచ్చుకున్నా బుట్టెడు తెచ్చుకున్నా అడిగేవాళ్లుండరు. ఇందులో అర్థం కానిదేముందో నాకు ఇప్పటికీ తెలీదు, కానీ పట్నం నుంచి వచ్చే చదువుకున్నవాళ్లకి మాత్రం రెండేసి సార్లు చెప్పాల్సి వస్తుంది.

సబీనా విన్నక్‌కి ఒక్కసారే చెప్పాను. కాకపోతే కాస్త గట్టిగా చెప్పాను.

మా ఊరికి రైలు ఇంకా రాని రోజులవి. మా ఆయన పోయాక మేడమీద గది ఖాళీగా ఉండటంతో అద్దెకిస్తానని చర్చి దగ్గర చెప్పి ఉంచాను. ఆ మార్చి నెలలో ఎక్సెటర్ పట్నం నుంచి ఈవిడ దిగింది. నలభైకి దగ్గర్లో ఉంటుంది, సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ. సామాను అంటే ఒక పెట్టె, ఒక రంగుల డబ్బా, ఇంత పొడుగు కాగితాల చుట్ట. పువ్వుల బొమ్మలు వేస్తానంది. తోటలో పూసే గులాబీలూ అవీ కాదట, దారి పక్కన గట్ల మీద పూసేవట. పనిలేని పని అని నాలో నేను అనుకున్నాను గానీ, మనిషి శుభ్రంగా ఉందని గది ఇచ్చాను.

ఆవిడ వచ్చి ఇంకా వారం కాలేదు. అంతకు ముందురోజే చుక్కల పెట్టనీ గోధుమరంగు పెట్టనీ గుడ్ల మీద కూర్చోబెట్టాను. పొద్దున్నే వంటింట్లో రొట్టెల పిండి పిసుకుతుంటే తలుపు తెరుచుకుంది. తలెత్తి చూస్తే మిస్ విన్నక్. మొహం నిండా నవ్వు. చేతిలో ఒక్కటంటే ఒక్క ప్రిమ్‌రోజ్.

"ఆగండి," అన్నాను. "అక్కడే ఆగండి. కాలు కదపొద్దు."

"ఏమైందండీ?"

"చేతిలో ఏంటది?"

"ప్రిమ్‌రోజ్. సందు పొడుగునా వెతికితే ఇదొక్కటే విచ్చుకుని ఉంది. ఎంత బాగుందో చూడండి మిసెస్ వెన్, ఎక్కడా నత్త కొరికిన గాటు కూడా లేదు."

"ఒక్కటే అనేగా నా ఏడుపు."

పిండి చేతులతోనే గడప దగ్గరికి వెళ్లి సంగతంతా చెప్పాను. నేను చెబుతుంటే పొయ్యి దగ్గర కూర్చున్న డోర్కస్ బ్రే లేచి వచ్చింది. డోర్కస్‌ది ఎదురిల్లు. జల్లెడ అప్పుకని వచ్చి టీ తాగిగానీ వెళ్లని మనిషి. నా గొంతు విని సంతోషంగా వచ్చింది, ఎవరి ఇంట్లోనైనా గొడవంటే దానికి పండగ.

"థర్జా, గొంతు చించుకోకు. ముందు లెక్క తేలనీ," అంది. నడుం మీద చేతులు పెట్టుకుని గడప మీదికి వంగింది. "అమ్మాయిగారి కుడికాలు లోపలుంది. ఎడంకాలు బయటుంది. పువ్వు ఏ చేతిలో ఉంది?"

"ఎడం చేతిలో," అంది మిస్ విన్నక్, పాపం కదలకుండానే.

"ఆ చెయ్యి?"

"బయటే ఉందండీ."

"అయితే పువ్వు ఇంట్లోకి రానట్టే. కేసు కొట్టేశాను."

"నువ్వెప్పటినుంచే జడ్జివి?" అన్నాను.

"మా ఆయన జడ్జిగారి గుర్రాలకి గడ్డేసేవాడు. ఆమాత్రం నాకూ అబ్బుతుంది."

మిస్ విన్నక్ నవ్వలేదు. నాకు ఆవిడ నచ్చింది అక్కడే. చదువుకున్నవాళ్లకి మా మాటలు చెబితే పెదవి చివర ఓ నవ్వు నవ్వి, పుస్తకంలో రాసుకుంటాం అంటారు. ఈవిడ కుడికాలు జాగ్రత్తగా వెనక్కి తీసుకుని, పువ్వున్న చెయ్యి వీపు వెనక దాచుకుని, "క్షమించండి, నాకు తెలీదు. మరి పదమూడు పూసేదాకా దీన్ని నేనెక్కడ పెట్టుకుని గీసుకోను?" అంది.

బండి పాక చూపించాను, అది ఇంటి గడప కాదు గనక లెక్కలోకి రాదు. మా ఆయన పోయాక బండి అమ్మేశాను గనక అందులో కోళ్లు తప్ప ఎవరూ ఉండటం లేదు. పాత బకెట్టు బోర్లించి కూర్చోమన్నాను. నాచులో నీళ్లు చల్లి, అందులో పువ్వు కాడ గుచ్చి, ఒళ్లో పలక పెట్టుకుని ఆవిడ పని మొదలుపెట్టింది. మా ఊళ్లో మార్చి గాలి ఇంకా ఎముకలు కొరికేస్తుంది. మధ్యాహ్నం టీ తీసుకెళ్లేసరికి ముక్కు ఎర్రబడి, వేళ్లు వంకర్లు పోయి ఉన్నాయి. చుక్కల పెట్ట గూట్లోంచి మెడ సాచి ఆవిడనే చూస్తోంది.

"ఏమంత తొందర? నాలుగు రోజులాగితే గట్టంతా పూస్తుంది. వంటింట్లో వెచ్చగా కూర్చుని వేసుకోవచ్చు," అన్నాను.

"నాలుగు రోజులు ఆగితే ఎలాగండీ? వచ్చే శుక్రవారం మిస్టర్ హాస్లాక్ వస్తాడు."

అప్పుడు చెప్పింది. ఆ హాస్లాక్ లండన్‌లో పుస్తకాలు అచ్చేసే మనిషి. మా జిల్లా అడవిపువ్వుల మీద పుస్తకం వెయ్యాలనుకుంటున్నాడు, నలభై బొమ్మలు. ఈవిడ వేసిన ప్రిమ్‌రోజ్ చూసి నచ్చితే నలభై బొమ్మలూ ఈవిడకే. నచ్చకపోతే ఇంకెవరికో.

"ఇంకెవరికో అయితే మీరేం చేస్తారు?"

"అన్నయ్య వాళ్లింటికి వెళ్లిపోవాలి," అంది. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. "అన్నయ్య మంచివాడే. వదినా మంచిదే. పిల్లల గదిలో నాకో మంచం కూడా వేశారు. అక్కడే అత్తగా ముసలిదాన్నయిపోతాను. ఎవరికి జ్వరమొచ్చినా నేనే, ఎవరికి జోల పాడాలన్నా నేనే. బొమ్మలు ఎప్పుడు వేసుకోను అంటే, ఆదివారం మధ్యాహ్నం వేసుకో సబీనా, ముచ్చటగా వేస్తావు అంటారు."

ముచ్చటగా అన్న మాట దగ్గర ఆవిడ మొహం చూశాను. ముల్లు గుచ్చుకున్నప్పుడు అరవకుండా ఓర్చుకునే మొహం. నేను నోరు మంచిది కాని మనిషినే గానీ గుండె లేని మనిషిని కాదు. లోపలికి వెళ్లి మా ఆయన పాత కోటు తెచ్చి ఆవిడ భుజాల మీద వేశాను.

బొమ్మ అయిపోయిన రోజు సన్నగా వాన పడుతోంది. వంటింటి తలుపు తట్టింది. తీస్తే, కోటు కింద దాచుకుని తెచ్చిన కాగితం బయటికి తీసి, చూరు కింద నిలబడి నాకు చూపించింది.

ఏం చెప్పను. ఆ పువ్వే. అదే లేత పసుపు, మీగడలో వెన్న కలిపినట్టు. మధ్యలో ముదురు పసుపు చుక్క, అయిదు రేకులు, ఒక్కో రేకు చివర చిన్న నొక్కు. కింద ముడతలు ముడతలుగా ఆకు, కాడ మీద నూగు. ఆకు మీద వాన చినుకు పడింది. కాగితం తడిసిపోతుందని కంగారుగా నా ఏప్రను అంచుతో తుడవబోయాను. గుడ్డకి తడి అంటలేదు. అప్పుడు తెలిసింది, అది కూడా ఆవిడ వేసిన చినుకే.

ఆవిడ సంతోషంగా ఒకడుగు ముందుకేసింది.

"ఆగండి," అన్నాను.

"ఇది బొమ్మండీ."

"తెలుసు."

"కాగితం మిసెస్ వెన్."

"అదీ తెలుసు. ముచ్చటగా వేసి ఉంటే రానిచ్చేదాన్నే. మీరు ఉన్నదున్నట్టు వేశారు. నా కళ్లే మోసపోయాయి. నా చుక్కల పెట్ట తెలివి నా తెలివికంటే ఎక్కువా? ఈ ఇంట్లోకి ఇంకా పదమూడు రాలేదు. ఒంటి పువ్వు రావడానికి వీల్లేదు, నిజందైనా కాగితందైనా."

నేను ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు.

"ఇది పుస్తకంలో వేస్తారన్నారు. ఎన్ని వేస్తారేంటి?"

"అయిదొందలో, ఇంకా ఎక్కువో."

"అంటే అయిదొందల ఇళ్లలోకి ఒక్కొక్క పువ్వు. ఇంగ్లండులో కోళ్లన్నీ మీకేం పాపం చేశాయండీ?"

అప్పుడు నవ్వింది. మా ఇంటికి వచ్చాక అదే మొదటిసారి. అక్కడే నిలబడి, బొమ్మని గుండెకి ఆనించుకుని, కళ్లమ్మట నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత ఆ నీళ్లు ఆగలేదు. నవ్వు ఆగిపోయినా నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"అంత మాట నేనేమన్నాను?" అన్నాను, బెదిరిపోయి.

"ఏం లేదండీ. పదేళ్ల వయసు నుంచీ బొమ్మలు వేస్తున్నాను. నా బొమ్మ చూసి ఇంతవరకు ఎవరూ భయపడలేదు." కళ్లు తుడుచుకుని, బొమ్మ పట్టుకుని మళ్లీ పాకలోకి వెళ్లిపోయింది.

మర్నాడు ఎండ కాసింది, ఆ మర్నాడూ కాసింది. చర్చి గోడ కింద గట్టు ఎండకి ఎదురుగా ఉంటుంది, అక్కడ అన్నిటికంటే ముందు పూస్తాయి. ఆవిడ పొద్దున్నే వెళ్లి, ఒకే దుబ్బుని వేళ్లతో, మట్టితో పెళ్లగించి బుట్టలో పెట్టుకొచ్చింది. వచ్చి గడపకి జానెడు దూరంలో ఆగింది.

"లెక్కపెట్టండి," అంది.

లెక్కపెట్టాను. మొగ్గలు కలుపుకోవచ్చా లేదా అని డోర్కస్‌ని పిలిచాను. రంగు కనబడితే పువ్వే అంది అది. రంగు కనబడ్డవి సరిగ్గా పదమూడు. విచ్చుకున్నవి, సగం విడినవి, అవతలికి తిరిగి నిలబడ్డవి, ఒకటి అప్పుడే వాడి తల వాల్చింది.

"పదమూడూ వచ్చాయి. ఇక మీరు రావచ్చు," అన్నాను. ఆ మాట అప్పుడు మామూలుగానే అన్నాను.

కిటికీ పక్కన ఉన్న వంటింటి బల్ల ఆవిడకిచ్చేశాను. రొట్టెల పిండి బట్టల పెట్టె మూత మీదికి మారింది. ఒంటి పువ్వు బొమ్మ ఎలాగూ తయారుగా ఉందిగా, మళ్లీ ఇదెందుకని అడిగితే, "కోళ్ల కోసం," అంది, నవ్వకుండా. వేళాకోళం చేస్తోందనుకున్నాను. కాదు. దుబ్బుని ఒక పళ్లెంలో నిలబెట్టి, సూదికి దారం ఎక్కించేటప్పటి శ్రద్ధతో ఆ పువ్వుల్ని ఇటు వంచీ అటు వంచీ చూస్తోంది. ఒక పువ్వు పక్కకి జరిగి నిలబడితే దాని కాడ కింద నాచు పెట్టి దగ్గరికి తోస్తుంది. లేచి దూరంగా వెళ్లి చూస్తుంది. మళ్లీ వచ్చి తోస్తుంది.

"కోడిగుడ్డుకి ఈకలు పీకే రకం అంటే ఏమిటో ఇవాళ చూశాను," అన్నాను. "వాటి మానాన వాటిని ఉండనివ్వచ్చుగా. ఎందుకంత ఇరుకున పెడతారు?"

"ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకోవాలండీ," అంది. "మధ్యలో ఎక్కడా ఖాళీ ఉండకూడదు."

నాకేం అర్థం కాలేదు. పువ్వు వాడిపోతే గట్టు మీద అచ్చం అలాగే ఉన్న ఇంకోటి వెతికి తెచ్చేదాన్ని. తల ఇటు తిరిగింది కావాలి, అటు తిరిగింది కాదు అని వెనక్కి పంపేది. నాకు కోపం వచ్చేది, మళ్లీ వెళ్లేదాన్ని. అన్నేళ్లుగా ఆ దారిలో నడిచాను గానీ ప్రిమ్‌రోజ్ వెనకవైపు ఎలా ఉంటుందో అప్పుడే మొదటిసారి చూశాను. నా బతుక్కి ఆవిడ చేసిన మొదటి ఉపకారం అదేననుకుంటాను.

శుక్రవారం మిస్టర్ హాస్లాక్ సామాన్ల బండిలో ఊగుతూ వచ్చాడు. బక్కపల్చటి మనిషి, జలుబు, బూట్ల నిండా మా ఊరి ఎర్రమట్టి. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి టీ ఇచ్చాను, వేడి రొట్టె ఇచ్చాను, దాని మీద మీగడా జామూ పెట్టాను. జలుబు మనిషైనా మీగడ రెండోసారి అడిగాడు. మీగడ ఉందని తెలిసి డోర్కస్ కూడా వచ్చి కూర్చుంది. ఆ తర్వాత చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి ఉన్నాయి. పదమూడు పువ్వులు ఎప్పుడో లోపలికి వచ్చేశాయి గనక ఒంటి పువ్వుకి కూడా ఇప్పుడు అడ్డు లేదు, నేనే పాకలోంచి తెచ్చి పెట్టాను.

చాలాసేపు చూశాడు. జేబురుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు. ఒంటి పువ్వు బొమ్మ మీద వేలు పెట్టాడు.

"ఇది," అన్నాడు. "ఇది చాలా బాగుంది మిస్ విన్నక్. ఇదే కావాలి. ఇలాంటివి నలభై వేసివ్వండి."

మిస్ విన్నక్ బల్ల అంచు పట్టుకుంది. ఆవిడ ఒప్పుకోదని నాకు ముందే తెలిసిపోయింది.

"ఆ బొమ్మ ఇవ్వలేనండీ," అంది. "ఇది తీసుకోండి. పదమూడు పువ్వులది."

"దీనికేం, ఇదీ బాగానే ఉంది. కానీ అమ్మా, అచ్చు పడేది గీతలు మాత్రమే. రంగులు మా దగ్గర పనిచేసే ఆడపిల్లలు బల్ల చుట్టూ కూర్చుని చేత్తో వెయ్యాలి, ప్రతి కాగితానికీ. ఒక పువ్వు ఉన్నచోట పదమూడు ఉంటే పని పదమూడింతలు. మా బల్ల దగ్గర అంత తీరిక ఎవరికీ లేదు."

నేనిక ఆగలేకపోయాను. నా జన్మలో అలాంటి మాట అంటానని అనుకోలేదు.

"ఒప్పుకోండి మిస్ విన్నక్," అన్నాను. "ఇంగ్లండు కోళ్ల సంగతి ఇంగ్లండు కోళ్లే చూసుకుంటాయి. నేనేదో నోటికొచ్చింది అన్నాను. నలభై బొమ్మలండీ. పిల్లల గదిలో మంచం గుర్తు తెచ్చుకోండి."

ఆవిడ నా వైపు తిరిగింది. "అది ఇవ్వడానికి నాది కాదు మిసెస్ వెన్. మీది."

"నాదెప్పటినుంచి?"

"మీరు చినుకు తుడవబోయారు చూడండి, అప్పటినుంచి."

నా చెయ్యి మళ్లీ ఏప్రను అంచు మీదికి పోయింది.

ఆవిడ మిస్టర్ హాస్లాక్ వైపు తిరిగింది. "అయ్యా, మా నాన్న పోయిన ఏడాది నేను కూడా అలాంటి బల్ల దగ్గరే కూర్చున్నాను. ఒక్కొక్కరిదీ ఒక్కో రంగు, ఒకమ్మాయిది ఆకుపచ్చ, ఒకమ్మాయిది ఎరుపు. పసుపు నాది. చలికాలమంతా పసుపే వేశాను. రంగు వెయ్యడానికి పట్టే సమయం ఎంతో కాదు. కుంచె ఎత్తి, ముంచి, దులిపి, మళ్లీ పక్క పువ్వు మీద పెట్టడానికే పొద్దంతా పోతుంది. మీ వేలు ఆ పై పువ్వు మీద పెట్టండి. పెట్టి, పసుపు ఉన్నచోటల్లా తిప్పండి."

అతను అనుమానంగా చూశాడు. చూపుడువేలు పై పువ్వు మీద పెట్టాడు. దాని రేకు పక్క పువ్వు రేకుని తాకుతోంది, వేలు అందులోకి జారింది. అక్కడినుంచి అవతలికి తిరిగిన దాని వీపు మీదికి, అక్కడినుంచి సగం విడిన దానిలోకి. వాడి తల వాల్చిన పువ్వు కూడా కింద మొగ్గకి అంచు ఆనించి ఉంది. వేలు చిట్టచివరి మొగ్గ దగ్గర ఆగింది. మొదలుపెట్టినప్పటినుంచీ ఆ వేలు కాగితం మీంచి లేవలేదు.

మళ్లీ మొదట్నుంచి తిప్పాడు. నేనూ డోర్కస్‌ కూడా ఆ వేలునే చూస్తున్నాం. ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకోవాలని ఎందుకందో నాకు అప్పుడు తెలిసింది.

"ఒకే కుంచె," అన్నాడు అతను, తనలో తను అనుకుంటున్నట్టు. "ఎత్తక్కర్లేదు."

"ఎత్తక్కర్లేదు," అంది సబీనా. "పసుపు వేసే పిల్లకి చెయ్యి నొప్పి పుట్టదు. నలభై బొమ్మలూ అలాగే వేస్తాను."

మిస్టర్ హాస్లాక్ కుర్చీలో కూర్చున్నాడు. ఇంకాస్త మీగడ వేస్తారా అని నన్నడిగాడు. అప్పుడు అర్థమైంది నాకు, పని ఆవిడకే వచ్చిందని. మరి పదమూడే ఎందుకని అడిగితే డోర్కస్ ఉత్సాహంగా కోళ్ల సంగతంతా చెప్పింది. అతను శ్రద్ధగా విని, "మా అమ్మకి బాతులుండేవి. ఈ సంగతి ఆవిడకి తెలిసి ఉంటే మేం ఇంకాస్త బాగా తినేవాళ్లం," అన్నాడు.

చుక్కల పెట్ట పదమూడింటికి పదమూడూ చేసిందని చెప్పగలిగితే నాకూ బాగుండేది. పన్నెండు చేసింది. ఒక గుడ్డు అలాగే ఉండిపోయింది. "ఆవేళ గడప దగ్గర మీ అమ్మాయిగారి చిటికెనవేలు లోపల పడి ఉంటుంది," అంది డోర్కస్. గోధుమరంగు పెట్ట మాత్రం మొత్తం చేసింది, దాని మాట డోర్కస్ ఎత్తలేదు.

సబీనా మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆ నలభై బొమ్మలూ నా వంటింటి బల్ల మీదే పుట్టాయి, లోపలికి రాకూడనివి తప్ప. మే నెలలో ముళ్లచెట్టు తెల్లగా పూస్తే ఆ కొమ్మ ఇంట్లోకి తేకూడదు, చావు వెంట వస్తుంది. ఆవిడ సందులోనే గొడుగు కింద కూర్చుని వేసింది. గట్టు మీద తెల్ల గొడుగుల్లా పూసే మొక్క ఒకటుంది, ఇంట్లోకి తెస్తే తల్లి చస్తుందంటారు. నాకూ ఆవిడకీ తల్లులు పోయి చాలా ఏళ్లయింది గానీ, డోర్కస్ తల్లి ఇంకా బతికే ఉంది, ముసలమ్మ మా ఇంటికి వస్తూ పోతూ ఉంటుంది. ఎందుకొచ్చిన రిస్కు అని పువ్వుని కిటికీ బయట గట్టు మీద నిలబెట్టి, ఆవిడ కూడా బయటే కూర్చుని వేసింది. డోర్కస్ తల్లి ఆ కిటికీకి లోపల కూర్చుని రొట్టె తింటూ, అద్దంలోంచి చూసి, బొమ్మ బాగా వస్తోందని మెచ్చుకుంది. పుస్తకంలో ప్రతి బొమ్మ కిందా ఆ పువ్వు గురించి మా ఊళ్లో అనుకునే మాట వేశారు. పిల్లలు తెంపితే పక్క తడుపుతారనే పసుపు పువ్వు కింద ఉన్నవి డోర్కస్ మాటలే. తన మాటలు అచ్చులో వచ్చాయని అది చర్చికి పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లింది, ప్రార్థన పుస్తకం మర్చిపోయింది.

పుస్తకం వచ్చిన రోజు కూడా సబీనా గడప బయట ఆగి, ప్రిమ్‌రోజ్ బొమ్మ ఉన్న పేజీ తెరిచి, లెక్కపెట్టమంది. ఎవరో లండన్ పిల్ల వేసిన పసుపు. ఒక్క పువ్వు దగ్గర కూడా అంచు దాటలేదు. పదమూడు లెక్కపెట్టి, లోపలికి రానిచ్చాను. అప్పటికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది మా మధ్య. ఎప్పుడు వచ్చిందో ఇద్దరికీ గుర్తులేదు.

ఒంటి పువ్వు బొమ్మ సంగతి చెప్పలేదు కదా. దాన్ని అద్దం కట్టించి పొయ్యి పైన పెట్టుకున్నాను. అయితే చలికాలం చివర్లో, ప్రిమ్‌రోజ్ మొదలయ్యే ముందు, దాన్ని దుప్పట్లో చుట్టి పాకలోకి పంపేస్తాం. కొత్త ఏడాదికి మొదటి పువ్వుగా అది ఇంట్లో ఉండకూడదు. నేను వెళ్లి పదమూడు తెచ్చి జగ్గులో పెట్టాక, సబీనా పాకలోంచి బొమ్మ తెచ్చి గడప దగ్గర నిలబడేది. కుడికాలు లోపల, ఎడంకాలు బయట, బొమ్మ ఎడం చేతిలో. ప్రతి ఏడూ అదే వేళాకోళం. నేను తాపీగా పిండి చేతులు తుడుచుకుని, "పదమూడూ వచ్చాయి. ఇక నువ్వు రావచ్చు," అనేదాన్ని. ఆ మాట కోసం వానలో కూడా నిలబడి ఉండేది. వచ్చేయవే, తడుస్తున్నావు అన్నా వచ్చేది కాదు, ఆ మాట అనాల్సిందే.

ఇరవై ఏళ్లకు పైనే అన్నాను ఆ మాట. ఈ చలికాలం సబీనా పోయింది. తను పెద్దగా బాధపడలేదు, మేడమీద తన గదిలో, తన మంచం మీద. ఆఖరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని, "ఎక్కడో అత్తగా పోవాల్సినదాన్ని థర్జా," అంది. థాంక్స్ చెబుతోందని తెలిసి కసిరాను, అలాంటి మాటలు మాట్లాడితే టీ ఇవ్వనన్నాను. చెప్పాల్సింది నేను. భర్త పోయి, పిల్లల్లేక, కోళ్లతో తప్ప మాట్లాడే దిక్కులేని నా ఇంట్లోకి వచ్చి, కోళ్ల గురించి నా భయాన్ని కూడా నిజమైన భయంగా చూసిన మనిషి. ఆవిడ రాకపోయి ఉంటే నేను ప్రిమ్‌రోజ్ వెనకవైపు చూడకుండానే పోయేదాన్ని. ఆ మాట ఆవిడతో అన్నానో లేదో గుర్తులేదు. తనకి తెలుసుననుకుంటాను.

నిన్న చర్చి గోడ కింద పూశాయి. నేనే వెళ్లి తెచ్చాను. కళ్లు సరిగా కనబడటం లేదని డోర్కస్‌ని లెక్కపెట్టమన్నాను. జగ్గులో పెట్టి, డోర్కస్‌ని పొయ్యి దగ్గర కూర్చోమని, పాకలోకి వెళ్లి దుప్పటి విప్పి బొమ్మ తీసుకొచ్చాను. గడప దగ్గరికి వచ్చాక నా కాళ్లు ఆగిపోయాయి. ఇన్నేళ్లలో నేను ఆ గడపకి ఇటువైపు, బొమ్మ పట్టుకుని ఎప్పుడూ నిలబడలేదు. ఆ మాట అనాల్సిన నేనే బయటున్నాను. లోపలినుంచి పిలవడానికి ఎవరున్నారు? నేనే అనేసి వెళ్లిపోదామని చూశాను. కానీ అది నాకు నేను అనుకునే మాట కాదు.

డోర్కస్ పొయ్యి దగ్గరినుంచి నా వంక చూసింది. ఎన్నడూ ఒక మంచి మాట అని ఎరగని మనిషి, టీ కప్పు కింద పెట్టింది.

"పదమూడూ లోపలే ఉన్నాయి," అంది. "ఇక రండి, ఇద్దరూనూ."

వెళ్లాం.